మాత్ర వేస్తే విశ్వాసం లేనట్టేనా?

గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఆరు పేజీల ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. విషయం కుదించి ఇస్తున్నాను.

ఆమె కూతురికి 12 ఏళ్లు. ఎనిమిదో ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చింది. అప్పటినుంచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్రలు వాడుతున్నారు. మందు కుదురుకున్నాక 14 నెలలపాటు ఒక్కసారి కూడా రాలేదు. ఈమె పుట్టింటివాళ్లు లూథరన్ సంఘానికి చెందిన క్రైస్తవులు. నాయనమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేశారట. భర్త, అత్తగారు ఏడాదిన్నర కిందట పాత సంఘం మానేసి, ఊరి చివర కొత్తగా వెలిసిన ఒక ప్రార్థన మందిరానికి మారారు. ఈమె కూడా వాళ్ల వెంటే వెళ్తున్నారు.

మూడు నెలల కిందట అక్కడ స్వస్థత కూటాలు జరిగాయి. ఆఖరి రోజు పాస్టరు గారు పాప తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఈ రోజుతో బిడ్డకు విడుదల, ఇక మాత్ర వేస్తే దేవుణ్ణి అనుమానించినట్టే అన్నారు. పాప చేత మైకులో సాక్ష్యం చెప్పించి, ఆ వీడియో యూట్యూబ్‌లో పెట్టారు. ఇంటికి రాగానే అత్తగారు మాత్రలన్నీ పొయ్యిలో పడేశారు. ఈమె మళ్లీ కొని, బియ్యం డబ్బాలో అడుగున దాచి, రాత్రిపూట భర్త స్నానానికి వెళ్లినప్పుడు పాప చేత మింగిస్తున్నారు. పొద్దున అత్తగారు వంటింట్లోనే ఉంటారు కాబట్టి ఆ మాత్ర కుదరడం లేదు.

పోయిన నెలాఖరు శుక్రవారం ఉపవాసం ఉండి, అందరూ రాత్రి ప్రార్థనకు వెళ్లారు. ఆ రోజు రాత్రి మాత్ర కూడా పడలేదు. తెల్లవారుజామున నాలుగింటికి పాట మధ్యలో పాప పడిపోయింది. "ఆ ఇంట్లో ఎవరిదో అవిశ్వాసం అడ్డుపడుతోంది. వెళ్లిపోయిన దురాత్మ తిరిగొచ్చింది" అన్నారు పాస్టరు గారు. అందరూ ఈమె వైపు చూశారు. ఇంటికొచ్చాక పాప అడిగిందట: "అమ్మా, నేను దొంగగా మాత్ర వేసుకున్నాననే దేవుడు వెళ్లిపోయాడా?"

ఈమె అడిగినవి ఇవి. దాచి మాత్ర వేసి నేను పాపం చేస్తున్నానా? పక్కింటావిడ మోకాళ్ల నొప్పులు తీసేసిన దేవుడు నా బిడ్డకెందుకు చేయడు? అసలు అద్భుతాలు ఎందుకు, ఎవరి కోసం? నేను పాపను తీసుకుని పాత సంఘానికి వెళ్లిపోవాలా?

అమ్మా, వందనాలు.

మీ ప్రశ్నలన్నీ ఒక రోజు ఆగుతాయి. ఒక పని మాత్రం ఆగదు. మందులు రాసిన డాక్టరుగారికి రేపే ఫోన్ చేయండి. పొద్దుటి మాత్ర ఎన్నాళ్లుగా మానేశారో, రాత్రి మాత్ర ఎప్పుడెప్పుడు తప్పిందో, మొన్నటి ఫిట్స్ ఎన్ని నిమిషాలు ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారని దాచకండి. మళ్లీ ఏ మోతాదుతో మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి. కొన్ని మందులు చాలా రోజులు మానేశాక ఒక్కసారిగా పాత మోతాదు వేయకూడదు. ఆపడం అంతకంటే ప్రమాదం. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపితే, ఒకటి తగ్గకముందే ఇంకోటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఈ మాత్రలు జీవితాంతం వాడించాలని డాక్టర్లకూ ఉండదు. పిల్లల్లో చాలామందికి రెండేళ్లు ఫిట్స్ రాకుండా ఉంటే, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ ఆపే సంగతి వాళ్లే ఆలోచిస్తారు. మీ పాప అందులో 14 నెలలు దాటేసింది. మొన్న రాత్రితో ఆ లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఈ లెక్క మీ ఆయనకు ఎవరైనా చెప్పారా?

ఆ తెల్లవారుజాము సంగతి కూడా చూద్దాం. పొద్దుటి నుంచి తిండి సరిగా లేదు. నాలుగింటిదాకా నిద్ర లేదు. రాత్రి మాత్ర లేదు, పొద్దుటి మాత్ర మూడు నెలలుగా లేదు. నిద్ర చాలకపోవడం, మాత్ర తప్పడం, ఈ రెండూ ఫిట్స్ తెప్పించడంలో పేరుమోసినవి. అవిశ్వాసం ఎవరిదా అని అంతమంది మీ ముఖం చూశారు గానీ, గోడ మీద గడియారం ఎవరూ చూడలేదు.

దురాత్మ అన్నారు కదా, దానికీ ఒక మాట. మత్తయి సువార్త 4వ అధ్యాయం చివర్లో యేసు దగ్గరికి తెచ్చిన రోగుల జాబితా ఉంది. అందులో దయ్యం పట్టినవాళ్లు వేరు, చాంద్రరోగులు వేరు. చాంద్రరోగం అంటే మూర్ఛ, మనం ఫిట్స్ అంటున్నదే. మత్తయే ఆ రెండింటినీ విడివిడిగా రాశాడు. ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డలోనూ దయ్యాన్ని చూడాల్సిన పని లేదు.

ఇక మొదటి ప్రశ్న. దాచి మాత్ర వేయడం పాపమా? మోషే తల్లి ఏం చేసిందో గుర్తుందా? మగబిడ్డల్ని చంపమన్న రాజాజ్ఞకు భయపడకుండా బిడ్డను మూడు నెలలు దాచింది. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం ఆ దాచడాన్ని విశ్వాసంగా లెక్కగట్టింది. మీరు దాచిందీ మూడు నెలలే. ఆ డబ్బా గురించి మీరు సిగ్గుపడక్కర్లేదు. కానీ నిర్గమకాండంలో ఆ వెంటనే ఉన్న వాక్యం కూడా చదవండి. మూడు నెలలయ్యాక ఆమె ఇక దాచలేకపోయింది, అప్పుడు బిడ్డను ఏటి ఒడ్డున ఉంచడానికి జమ్ముపెట్టె సిద్ధం చేసింది. మీరిప్పుడు అక్కడికి వచ్చారు. ఈ దాపరికంలో సగం బరువు పాప మోస్తోంది. మైకులో మాత్రలు మానేశానని చెప్పి, ఇంట్లో మాత్ర మింగుతున్న పన్నెండేళ్ల పిల్లకు రోజూ రాత్రి గొంతులో ఏం అడ్డుపడుతుందో ఆలోచించండి. అది మాత్ర ఒక్కటే కాదు.

అద్భుతాలు ఎందుకు అన్నది మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే, కానీ ఆరు పేజీలూ దాని చుట్టూనే తిరిగాయి. నేను అద్భుతాలను కొట్టిపారేసే మనిషిని కాను. చేసేవాడు దేవుడైతే ఏదైనా చేయగలడు. నా గొడవల్లా వాటిని మనం దేనికి వాడుతున్నాం అనే దాని మీద.

యోహాను తన సువార్తలో వాటిని ‘సూచక క్రియలు’ అంటాడు. కానా అనే ఊళ్లో నీళ్లు ద్రాక్షారసం కావడం మొదటి సూచక క్రియ. సూచించడం అంటే వేలు పెట్టి చూపించడం. ఎవర్ని? 20వ అధ్యాయం చివర్లో ఆయనే చెప్పాడు. యేసే క్రీస్తని, దేవుని కుమారుడని మీరు నమ్మి జీవం పొందాలని వీటిని రాశానన్నాడు. అంటే ఆ వేలు చూపించేది యేసు వైపు. మీ స్వస్థత కూటాల్లో అది రోగి వైపు తిరిగిపోయింది. నీకు విశ్వాసం ఎంతుంది, నీ ఇంట్లో ఏ పాపం ఉంది అని రోగిని పరీక్ష రాయించే సాధనమైపోయింది. సువార్తల్లో అద్భుతం ఆ పని చేసినట్టు నాకు కనబడదు.

మార్కు 2వ అధ్యాయంలో నలుగురు మనుషులు ఇంటి కప్పు విప్పి, పక్షవాయువు రోగిని పరుపుతో సహా దించారు. యేసు మొదట అన్నది లేచి నడవమని కాదు, నీ పాపాలు క్షమించబడ్డాయని. ఆ తర్వాతే, క్షమించే అధికారం తనకుందని తెలియడానికి, అతన్ని లేపాడు. అద్భుతం అక్కడ ఆ అధికారానికి గుర్తు. ఇంకోటి కూడా ఉంది. ‘వారి విశ్వాసము చూచి’ అని రాశాడు మార్కు. పరుపు మీద పడుకున్నవాడి విశ్వాసం గురించి విడిగా ఒక్క ముక్క కూడా లేదు.

మరి కొందరికి జరిగి కొందరికి ఎందుకు జరగలేదు? బాప్తిస్మమిచ్చు యోహాను సంగతే చూడండి. చెరసాల నుంచి మనుషుల్ని పంపి, రాబోయేవాడివి నువ్వేనా అని యేసును అడిగించాడు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, వెళ్లి చెప్పండి అని యేసు జవాబిచ్చాడు. ఆ అద్భుతాలన్నీ యోహాను ప్రశ్నకు జవాబే. కానీ అతని చెరసాల తలుపు మాత్రం తెరుచుకోలేదు. చివరికి తల పోయింది. స్త్రీలు కన్నవాళ్లలో ఇంతకంటే గొప్పవాడు లేడని యేసే చెప్పిన మనిషికి అలా జరిగింది. విశ్వాసం తక్కువై జరగలేదని ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. బేతెస్ద కోనేటి దగ్గరా అంతే. చుట్టూ రోగులు గుంపులుగా పడి ఉంటే 38 ఏళ్లుగా పడి ఉన్న ఒక్కడు లేచాడు. తనను బాగుచేసింది ఎవరో కూడా అప్పటికి అతనికి తెలియదు. మిగిలినవాళ్లు ఏం తప్పు చేశారో సువార్త రాసిన యోహాను చెప్పలేదు. ఎందుకు అతను ఒక్కడే అంటే నా దగ్గర జవాబు లేదు. తన దగ్గర ఉందని ఎవరైనా అంటే, ఆ మనిషితో కాస్త జాగ్రత్తగా ఉండండి.

పక్కింటావిడ మోకాళ్ల నొప్పి తగ్గితే సంతోషించండి. దాన్ని మీ పాపతో పోల్చి చూడకండి.

యేసు పెరిగిన నజరేతు ఊరి మాట మీ పాస్టరు గారు తప్పకుండా తీస్తారు. అవిశ్వాసం వల్ల అక్కడ యేసు అద్భుతాలు చేయలేకపోయాడని. నిజమే, మార్కు 6లో ఉంది. అదే వాక్యంలో, కొద్దిమంది రోగుల మీద చేతులుంచి బాగుచేశాడనీ ఉంది. నమ్మనిది ఇతను మన వడ్లవాడే కదా అని ఎగతాళి చేసిన ఊరు. నిందపడింది ఆ ఊరి మీద. ఆ రోగుల మీద కాదు.

మీ కోసం నేను మళ్లీ మళ్లీ చదివింది మార్కు 9వ అధ్యాయం. అందులోని తండ్రి మీ మనిషే. కొడుకు పడిపోతాడు, నురుగు కక్కుతాడు, పళ్లు కొరుకుతాడు, నిప్పులోనూ నీళ్లలోనూ పడ్డాడు. శిష్యుల దగ్గరికి తెస్తే వాళ్లవల్ల కాలేదు. నమ్మితే సాధ్యమే అని యేసు అన్నప్పుడు ఆ తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి అని గట్టిగా అరిచాడు. సగం నమ్మకం, సగం భయం. బియ్యం డబ్బాలో మాత్రలు దాచిన తల్లి మనసు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ముందు నీ అపనమ్మకం పోగొట్టుకుని రా అని యేసు అతన్ని వెనక్కి పంపలేదు. ఆ తర్వాత శిష్యులు చాటుగా, మావల్ల ఎందుకు కాలేదు అని అడిగితే, మీ అల్పవిశ్వాసం వల్లనే అన్నాడని మత్తయి రాశాడు. మీ అంటే ఎవరు? ప్రార్థన చేసినవాళ్లు. మన కూటాల్లో ఈ వాక్యం తలకిందులైంది. ప్రార్థించి జరగకపోతే తప్పు జబ్బుపడినవాడిది, వాడి తల్లిదండ్రులది అవుతోంది. యాకోబు పత్రికలోనూ, రోగి సంఘ పెద్దల్ని పిలిపించుకోవాలి, వాళ్లు నూనె రాసి ప్రార్థించాలి అనే ఉంది. ఆ విశ్వాసపు ప్రార్థన చేయాల్సింది పెద్దలే.

నా సంగతి ఒకటి చెబుతాను. మా తమ్ముడికి 34 ఏళ్లకే కిడ్నీలు పాడయ్యాయి. ఇంటిల్లిపాదీ ప్రార్థించాం, డయాలసిస్ కూడా మానలేదు. అయినా పోయాడు. సమాధి దగ్గర మట్టి ఇంకా తడి ఆరకముందే ఒకాయన మా అమ్మ భుజం మీద చెయ్యి వేసి, పూర్తిగా నమ్మి ఉంటే దక్కేవాడమ్మా అన్నాడు. ఓదార్పు అనుకునే అన్నాడు పాపం. మా అమ్మ ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. ఆ పదకొండేళ్లూ ఆ మాట మోసింది. మీ పాప అడిగిన ప్రశ్న చదవగానే నాకు ఆమె ముఖమే కనిపించింది.

మందు వాడితే దేవుణ్ణి అనుమానించినట్టా? పౌలు చేతుల మీదుగా ఎన్నో అద్భుతాలు జరిగాయి. అయినా తోటి పనివాడు త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వచ్చానని రాశాడు. కడుపు జబ్బుతో ఉన్న తిమోతికి, నీళ్లు మాత్రమే కాకుండా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన శరీరంలో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబే దొరికింది. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. యూదా రాజు హిజ్కియాకు ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చాక కూడా, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు యెషయా ప్రవక్త. మాటివ్వడం అయిపోయాక మళ్లీ కట్టు ఎందుకు అని హిజ్కియా అడగలేదు. మీ జిల్లా సంగతే చూడండి. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో అక్కడే కన్నుమూసింది. సువార్త చదివే ఆమె సముద్రాలు దాటి వచ్చి మందు ఇచ్చింది. మీ నాయనమ్మ నర్సు యూనిఫాం వేసుకున్నదీ ఆ వరుసలోనే.

అద్భుతాన్ని గట్టిగా నమ్మేవాళ్లే పరీక్షకు వెనకాడరు. ఫ్రాన్సులోని లూర్దు అనే పుణ్యక్షేత్రానికి 1858 నుంచీ రోగులు వెళ్తున్నారు. బాగుపడ్డామని వేలమంది చెప్పారు. కథోలిక సంఘం డాక్టర్ల కాగితాలు చూసి, ఏళ్ల తరబడి ఆగి, అద్భుతమని ఒప్పుకున్నవి మాత్రం 70 పైచిలుకు. యేసు కూడా కుష్ఠు రోగుల్ని వెళ్లి యాజకులకు కనబరచుకోమన్నాడు. జబ్బు పోయిందని తేల్చే బాధ్యత ధర్మశాస్త్రం ప్రకారం వాళ్లదే. మీ పాప నిజంగా బాగుపడి ఉంటే, డాక్టరు చూసి, టెస్టులు చేసి, మెల్లగా మాత్ర తగ్గిస్తే ఆ స్వస్థతకు పోయేదేమీ లేదు.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలన్నది. ముందు మీ ఆయన. అత్తగారి ముందు కాకుండా, విడిగా చెప్పండి. మాత్రలు వేస్తున్న సంగతీ చెప్పండి. కోపం వస్తుంది, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అయినా మీ నోటితో తెలియడం వేరు, బియ్యం డబ్బాలో దొరకడం వేరు. వాదన పెట్టుకోకుండా, డాక్టరు దగ్గరికి ఒక్కసారి నాతో రండి, మీకున్న అనుమానాలు మీరే అడగండి అనండి. ఉత్తరంలో ఒకచోట, ఫిట్స్ వచ్చినప్పుడు ఆయన చేతులు వణికాయని రాశారు. ఆ మనిషికి పాప మీద ప్రేమ లేక కాదు, భయమెక్కువై ఒక హామీని పట్టుకున్నారు. ఒప్పుకోకపోతే మీ అన్నయ్యనో, ఆయన గౌరవించే పెద్దమనిషినో కూర్చోబెట్టండి. అప్పటికీ మాత్రలు లాక్కుంటే మాత్రం అది భక్తి వ్యవహారం కాదు, బిడ్డ ప్రాణం సంగతి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. అక్కడిదాకా వెళ్తే ఇంట్లో చాలా తెగుతుంది, తెలుసు. చివరి మెట్టుగా గుర్తుంచుకోండి.

పాస్టరు గారితో మాట్లాడాలా వద్దా అన్నది మీ ఇష్టం. మాట్లాడాలనుకుంటే పదిమందిలో వద్దు, మీ ఆయన పక్కన ఉన్నప్పుడు ఒకటే అడగండి: ‘మాత్రలు ఆపమని, ఏమైనా అయితే బాధ్యత నాదని కాగితం మీద రాసి సంతకం పెడతారా అయ్యగారూ?’ అని. సాధారణంగా సంతకం రాదు. ఆ సంకోచం మీ ఆయన కళ్లారా చూడటమే లాభం. నష్టమూ ఉంది. రేపు వేదిక మీద పేరు చెప్పకుండా మీ మీదే ప్రసంగం రావచ్చు. అది భరించే ఓపిక ఇప్పుడు లేకపోతే ఊరుకోండి. వీడియో తీసేయమని మాత్రం మీ ఆయన చేతనే అడిగించండి. పెద్దయ్యాక క్లాసులో ఎవడో ఫోన్‌లో ఆ పిల్లకు దాన్ని చూపించే రోజు రాకూడదు.

పాత సంఘానికి వెళ్లిపోతే మీకు ఊపిరాడుతుంది. మీ పాట, మీ ప్రభువు బల్ల, నాయనమ్మ కూర్చున్న బెంచీ. కానీ ఆదివారం పొద్దున పాప నాన్నతో వెళ్లాలా, అమ్మతో వెళ్లాలా అని గుమ్మంలో నిలబడుతుంది. వెళ్లకుండా ఉంటే ఇల్లు ఒక్కటిగా ఉంటుంది, మీరు మాత్రం ప్రతివారం ఆ చూపుల మధ్య కూర్చోవాలి. మధ్యలో ఒక దారి ఉంది. కొన్నాళ్లు ఆదివారం ఆరాధనకు మాత్రం వెళ్లి, కూటాలకు, ఉపవాసాలకు, రాత్రి ప్రార్థనలకు పాపను పంపకపోవడం. నేనైతే ముందు ఇది చేసి చూస్తాను. అది కూడా కుదరనివ్వకపోతే, పాత సంఘం గురించి మీరు రెండోసారి నన్ను అడగక్కర్లేదు.

పాపకు ఏం చెప్పాలో రాయమన్నారు. యాయీరు కూతురి కథ చదివి వినిపించండి. ఆ పిల్లకూ పన్నెండేళ్లే. చనిపోయిందన్న ఆ పిల్ల గదిలోంచి యేసు జనాన్ని బయటికి పంపేసి, అమ్మానాన్నల్ని, ముగ్గురు శిష్యుల్ని మాత్రం ఉంచుకుని, చెయ్యి పట్టుకుని లేపాడు. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదన్నాడు. ఆ తర్వాత చెప్పింది ఒకటే, పిల్లకు అన్నం పెట్టమని. మైకు లేదు, సాక్ష్యం లేదు. నువ్వు మాత్ర వేసుకుంటే దేవుడు వెళ్లిపోడని, తర్వాత అన్నం పెట్టమన్న దేవుడు మాత్ర కూడా వేసుకోమనే అంటాడని చెప్పండి. మళ్లీ ఎప్పుడైనా వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దని, నోట్లో ఏమీ కుక్కొద్దని, పక్కకి తిప్పి పడుకోబెట్టి టైం చూడమని, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లమని ఇంట్లో అందరికీ చెప్పండి, అత్తగారికి కూడా.

ఈ నెలాఖరు శుక్రవారం వాళ్లు రాత్రి ప్రార్థనకు బయలుదేరితే వెళ్లనివ్వండి. మీరు పాపకు వేళకు అన్నం పెట్టి, డాక్టరుగారు చెప్పిన మాత్ర వేసి, తొమ్మిదిన్నరకల్లా పడుకోబెట్టండి. ప్రార్థన దాని మంచం పక్కన కూర్చుని చేసుకోవచ్చు.